జంతువుల అనుకూలనాలు: చిన్న తరగతుల్లో పాఠం ఎక్కడ దారి తప్పుతోంది?

క్లుప్తంగా: మూడు నుంచి ఐదో తరగతి వరకు జంతువుల అనుకూలనాల (పరిసరానికి సరిపోయే లక్షణాల) పాఠం చాలాచోట్ల ‘ఏ జంతువుకు ఏ అవయవం’ అన్న జాబితాగా ముగుస్తుంది. జంతువు అవసరాన్ని బట్టి తన శరీరాన్ని తానే మార్చుకుంటుందన్న అపోహ అక్కడే నాటుకుంటుంది. ఒకే జాతిలో ఉండే తేడాలు, వాటిలో కొన్నే బతికి బయటపడటం, బతికినవాటి లక్షణం పిల్లలకు రావడం అనే మూడు మెట్లను ఆటగా చూపితే ఈ వయసు పిల్లలకూ అర్థమవుతుంది. విశాఖలో ఇందుకు కావలసిన సామగ్రి చాలావరకు సముద్రపు ఒడ్డునే ఉంది.

## జతపరచండి, మార్కులు తీసుకోండి

ఒంటెకు మూపురం, ధ్రువపు ఎలుగుబంటికి మందమైన బొచ్చు, చేపకు మొప్పలు, బాతుకు జాలపాదాలు. పరిసరాల విజ్ఞానం పాఠం చాలా తరగతి గదుల్లో ఈ వరుసలోనే నడుస్తుంది. జతపరచమంటే పిల్లలు తప్పులేకుండా జతపరుస్తారు. ‘ఒంటెకు మూపురం ఎలా వచ్చింది?’ అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ‘ఎడారిలో నీళ్లు దొరకవు కాబట్టి పెంచుకుంది’ అన్నది తరచూ వినిపించే జవాబు. అందులో తప్పులు రెండు. మూపురంలో ఉండేది నీళ్లు కాదు, కొవ్వు. ఒంటె దాహానికి ఓర్చుకోవడానికి కారణాలు వేరే ఉన్నాయి. దాని శరీర ఉష్ణోగ్రత ఒకే రోజులో సుమారు 34 నుంచి 40 డిగ్రీల దాకా మారగలదు కాబట్టి చెమట రూపంలో పోయే నీరు తక్కువ. దొరికినప్పుడు వంద లీటర్ల దాకా నీళ్లు కొద్ది నిమిషాల్లో తాగేయగలదు.

రెండో తప్పు లోతైనది. అవసరం కలిగింది కాబట్టి అవయవం వచ్చిందన్న ఊహ అది. 1809లో ఫ్రెంచ్ ప్రకృతి శాస్త్రవేత్త లామార్క్ చెప్పిన సిద్ధాంతానికి ఇది దగ్గరి చుట్టం: జిరాఫీ మెడ చాచి చాచి పొడవు చేసుకుంది, ఆ పొడవు పిల్లలకు వచ్చింది అన్నట్టు. 1858లో డార్విన్, వాలెస్ ఇద్దరూ ముందుకు తెచ్చిన, 1859లో డార్విన్ వివరంగా రాసిన వివరణ దీన్ని తలకిందులు చేసింది. ఆ వివరణలో ఏ ఒక్క జంతువూ మారదు. గుంపులో ఏ రకాలు ఎన్ని ఉన్నాయన్న లెక్క మారుతుంది.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకం నుంచి జీవపరిణామం భాగాన్ని తీసేసిన తర్వాత ఈ చర్చకు బరువు పెరిగింది. ఆ పుస్తకాలు చదివి, ఇంటర్‌లో బైపీసీ తీసుకోని విద్యార్థికి ఈ వివరణ మళ్లీ ఎదురయ్యే అవకాశం తక్కువ. చిన్నప్పటి పాఠం ఎలా నాటుకుంటే అలాగే ఉండిపోతుంది.

## పిల్లల బుర్రలోని ‘కోసం’

అపోహకు టీచర్లను తప్పుపట్టి ఊరుకోవడం న్యాయం కాదు. ప్రతిదాని వెనకా ఒక ప్రయోజనం ఉందనుకోవడం ఈ వయసు పిల్లల సహజ ధోరణి. మనోవైజ్ఞానిక శాస్త్రవేత్త డెబొరా కెలెమెన్ దీని మీద చాలా పరిశోధన చేశారు. రాళ్లు కోసుగా ఎందుకున్నాయని అడిగితే, జంతువులు వాటి మీద కూర్చోకుండా ఉండటానికి అనే తరహా జవాబు వైపు పిల్లలు మొగ్గారు. రాయి విషయంలోనే ‘కోసం’ అంటున్న పిల్లలు జంతువు విషయంలో అనకుండా ఎలా ఉంటారు? దానికి తోడు పాఠం కూడా ‘ఈదడం కోసం బాతుకు జాలపాదాలు వచ్చాయి’ అని చెబితే ఆ ధోరణికి ముద్ర పడిపోతుంది.

అదే వాక్యాన్ని మరోలా చెప్పవచ్చు: ‘వేళ్ల మధ్య చర్మం కాస్త ఎక్కువున్న బాతులు నీళ్లలో ఎక్కువ తిండి సంపాదించాయి, వాటి పిల్లలే ఎక్కువగా మిగిలాయి, ఆ పిల్లలకూ అలాంటి పాదాలే వచ్చాయి.’ వాక్యం పెద్దదైంది, నిజమే. కానీ తేడా, బతుకు, వారసత్వం మూడూ అందులోకి వచ్చాయి.

ప్రాథమిక తరగతులకు ఇదంతా ఎక్కువన్న అభ్యంతరం ఒకటి తరచూ వస్తుంది. కెలెమెన్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనం దానికి సమాధానం. అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు, సన్నటి తొండం, లావు తొండం ఉన్న ఒక కల్పిత జంతువు కథను బొమ్మల పుస్తకంగా చదివి వినిపించారు. తినే పురుగులు నేలలోపలికి లోతుగా వెళ్లిపోయాక సన్నటి తొండం ఉన్నవాటికే తిండి అందింది. ఆ తర్క క్రమాన్ని పిల్లలు పట్టుకున్నారు, మూడు నెలల తర్వాత అడిగినా చాలామంది చెప్పగలిగారు. రెండు మూడు తరగతులు ఒకే గదిలో కూర్చునే బడికి ఆ ఫలితం ఉన్నదున్నట్టు వర్తించకపోవచ్చు. పిల్లల వయసు మాత్రం అడ్డంకి కాదని తేలింది.

## మూడు రకాల మార్పులను విడదీయాలి

గందరగోళానికి ఇంకో కారణం, వేర్వేరు కాలాల్లో జరిగే మార్పులన్నీ ఒకే గంపలో పడటం. ఊసరవెల్లి నిమిషాల్లో రంగు మారుస్తుంది. (చుట్టూ ఉన్న రంగులో కలిసిపోవడానికే మారుస్తుందన్నది పాత నమ్మకం. ఎక్కువగా మరో ఊసరవెల్లికి సంకేతం ఇవ్వడానికి, ఒంటి వేడిని సరిచేసుకోవడానికి మారుస్తుంది.) కొన్ని మార్పులకు వారాలు, నెలలు పడతాయి. వల లాగి లాగి మత్స్యకారుడి అరచేతులు కాయలు కాస్తాయి. ఈ రెండూ ఒక్క జీవి జీవితంలో జరిగేవే. మూడోది తరతరాలుగా గుంపులో జరిగేది. అనుకూలనం అని పాఠం చెప్పేది ఈ మూడోదాన్ని.

విడదీయడానికి జాలరిపేట పిల్లలకు ఒక్క ప్రశ్న చాలు: నాన్న చేతులకు కాయలున్నాయి కదా, మరి తమ్ముడు కాయలు కాసిన చేతులతోనే పుట్టాడా? పిల్లలు నవ్వుతారు. జిరాఫీ మెడ కథను ఆ నవ్వు దగ్గరే పెట్టి మళ్లీ అడగవచ్చు.

## ఉన్నిదారాల వేట

మూడు మెట్లనూ కలిపి చూపడానికి ఇంతకంటే చవకైన టీఎల్‌ఎం (బోధనాభ్యసన సామగ్రి) దొరకడం కష్టం. ఆరుగురు పిల్లలకు ఒక జట్టు. జట్టుకు నాలుగు రంగుల ఉన్ని కావాలి: తెలుపు, పసుపు, ఆకుపచ్చ, మట్టిరంగు. ఒక్కో రంగులో 3 సెంటీమీటర్ల ముక్కలు 40. అంటే రంగుకు 1.2 మీటర్లు, జట్టుకు 5 మీటర్ల లోపే. బడి ఆవరణలో ఎర్రమట్టి నేల మీద 2 మీటర్ల చదరం గీయాలి.

ఒకరు లెక్క రాసేవారు, అయిదుగురు పిట్టలు. పిట్టలు వెనక్కి తిరిగి నిలబడతారు. లెక్క రాసే విద్యార్థి ఒక్కో రంగులో 10 చొప్పున 40 ముక్కలు చదరంలో చల్లాలి. ఈల వేయగానే పిట్టలు తిరిగి, కంటికి ముందు ఆనిన ముక్కను తీసుకుని, మళ్లీ వెనక్కి తిరిగి, మళ్లీ వంగాలి. ఒక్కొక్కరు ఆరు తీస్తే ఆట ఆగుతుంది. 30 పోయి 10 మిగులుతాయి. మిగిలినవాటిని నేల మీద వెతకనక్కరలేదు. తిన్నవాటిని రంగులవారీగా లెక్కపెట్టి 10 లోంచి తీసివేస్తే సరి.

ఇప్పుడు వారసత్వం. మిగిలిన ప్రతి ముక్కకూ అదే రంగులో మూడు పిల్లలు. 10 మిగిలాయి, 30 చేరాయి, మళ్లీ 40. ఉదాహరణకు మొదటి వేట తర్వాత తెలుపు 1, పసుపు 1, ఆకుపచ్చ 3, మట్టిరంగు 5 మిగిలాయనుకుందాం. రెండో తరం మొదలయ్యేసరికి అవి వరుసగా 4, 4, 12, 20 అవుతాయి. ఇంకో వేట అయ్యాక తెలుపు, పసుపు ఆనవాలు లేకుండా పోవచ్చు. మూడు తరాలు ఆడితే పట్టిక దానంతటదే కథ చెబుతుంది. అప్పుడు అడగాల్సిన ప్రశ్న: వీటిలో ఏ దారమైనా రంగు మార్చుకుందా? ఒక్కటీ మార్చుకోలేదు. అయినా చదరం మొత్తం మట్టిరంగుకు తిరిగింది.

ఈ ఆట చెడిపోయే చోట్లు తెలిసినవే. ఉన్నికి బదులు రంగు కాగితాలు వాడితే సముద్రపు గాలికి ఎగిరిపోతాయి. వెనక్కి తిరగాలన్న నియమం పాటించకపోతే పిల్లలు గుప్పిట్లో ఊడ్చేస్తారు, రంగుతో పనే ఉండదు. ఒక్క వేటతో ఆపేస్తే ‘దాక్కున్నది బతికింది’ దగ్గరే పాఠం నిలిచిపోతుంది, వారసత్వం రాదు. అప్పుడప్పుడు ఓ తెల్ల దారం రెండు తరాల దాకా నిలుస్తుంది. అది ఆటలో తప్పు కాదు. అదృష్టం కూడా ఇందులో భాగమేనని చెప్పాలి.

వీలైతే మర్నాడు అదే ఆటను గడ్డి మీద ఆడించాలి. నిన్న గెలిచిన మట్టిరంగు ఈసారి ఓడిపోతుంది. ఏ లక్షణమూ అన్నిచోట్లా గొప్పది కాదన్న విషయం మాటలతో చెప్పడం కంటే ఈ ఓటమి బాగా చెబుతుంది.

## ముక్కుల ఆటలో చీటీలు

పట్టకారు, చెంచా, స్ట్రా, బట్టల క్లిప్పులను పక్షి ముక్కులుగా, బియ్యం, శనగలు, రబ్బరు బ్యాండ్లు, రంగునీళ్లను ఆహారంగా పెట్టి ఆడించే ఆట చాలామంది టీచర్లకు తెలుసు. ఒకే ఒక్క పొరపాటు దాన్ని పాడుచేస్తుంది: ఏ ముక్కు కావాలో పిల్లలనే ఎంచుకోనివ్వడం. ఎంచుకోనిస్తే, పక్షి కూడా అలాగే ఎంచుకుందని నేర్చుకుంటారు. చీటీలు తీయించాలి. వచ్చిన ముక్కుతోనే 30 సెకన్లు తినాలి, చేత్తో ముట్టకూడదు, పొట్ట అనుకున్న గ్లాసులో పడ్డదే లెక్క. తర్వాత మూడు ఆహారాలు తీసేసి శనగలు మాత్రమే ఉంచితే స్ట్రా వచ్చిన విద్యార్థి వేరే ముక్కు ఇమ్మని గొడవ చేస్తాడు. ఇవ్వకూడదు. పక్షికి ఆ అవకాశం లేదు. 1977లో గలాపగోస్ దీవుల్లోని డాఫ్నే మేజర్‌లో కరవొచ్చినప్పుడు చిన్న గింజలు ముందే అయిపోయాయి. గట్టి గింజలు పగలగొట్టగల పెద్ద ముక్కు ఫించ్ పిట్టలే ఎక్కువగా మిగిలాయని పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు కొలిచి చూపారు.

ఆట అయ్యాక చూపడానికి విశాఖ దగ్గరి కొండకర్ల ఆవ సరస్సు పక్షులున్నాయి. నత్తగుల్ల కొంగ ముక్కు పూర్తిగా మూసుకోదు, మధ్యలో సందు ఉంటుంది. నత్తలు తినడంలో దానికి ఆ ముక్కు పనికొస్తుంది. లకుముకి పిట్టది బాకు లాంటి ముక్కు. ఒకే నీటిలో రెండింటికీ తిండి దొరుకుతుంది, పోటీ తక్కువ.

## ఒక బకెట్ ఇసుక, ఒక థర్మామీటరు

ఒడ్డున పీతలు బొరియల్లో ఎందుకుంటాయన్నదానికి బడిలోనే జవాబు కొలవవచ్చు. 25 సెంటీమీటర్ల లోతున్న బకెట్ నిండా ఇసుక నింపి, కాస్త తడిపి, ఎండలో రెండు గంటలు ఉంచాలి. ఉపరితలం మీద, 10 సెంటీమీటర్ల లోతున, 20 సెంటీమీటర్ల లోతున ఉష్ణోగ్రత రాయాలి. లోతుకు వెళ్లేకొద్దీ అంకె తగ్గుతుంది.

ఇక్కడ తప్పులు రెండు రకాలు. థర్మామీటరును బయటికి లాగి చదివితే అంకె అప్పటికే మారిపోతుంది. మూడు నిమిషాలు ఆగి, ఇసుకలో ఉండగానే చదవాలి. రెండోది, బకెట్ గోడ కూడా వేడెక్కి పక్కనుంచి ఇసుకను కాలుస్తుంది కాబట్టి సరిగ్గా మధ్యలోనే గుచ్చాలి. స్టీలు బకెట్ అయితే తేడా మరీ చెడుతుంది. పాదరసం ఉన్నది వాడకూడదు. ఎర్ర ద్రవం ఉన్నదో, డిజిటల్‌దో చాలు. ఇసుకలో గుంట ముందు పుల్లతో చేయకుండా గాజు గొట్టాన్ని నేరుగా దించితే విరుగుతుంది.

పీత ఊపిరి మొప్పలతో. మొప్పలు తడిగా ఉండాలి. మధ్యాహ్నం పైన ఇసుక కాలుతున్నప్పుడు లోపల చల్లదనం, తేమ రెండూ దొరుకుతాయి. కొన్ని బొరియలు మీటరు దాటి ఉంటాయి. పీతలు రాత్రిళ్లు ఎక్కువగా తిరగడానికి కారణాల్లో ఇదీ ఒకటి. కొలిచిన అంకెలు చేతిలో ఉన్నాక ఆ కారణం పిల్లలే చెబుతారు.

## రాళ్ల మీద ఒకటిన్నర మీటర్ల తేడా

విశాఖ ఒడ్డుకున్న గొప్ప వసతి రాళ్లు. తెన్నేటి పార్కు దిగువన, జోడుగుళ్లపాలెం, మంగమారిపేట వైపు నీరు తగ్గినప్పుడు రాతి మీద జీవులు అంతస్తులుగా కనిపిస్తాయి. పై వరుసలో చిన్న నత్తలు, తెల్లటి గిన్నెలు బోర్లించినట్టుండే బార్నకిల్స్. వాటి కింద రాతికి అంటుకున్న ఆలిచిప్పలు. ఇంకా కింద, ఎప్పుడూ తడిసే చోట, నాచు, పువ్వుల్లా కనిపించే సీ ఎనిమోన్లు. ఇక్కడ పోటుకూ పాటుకూ తేడా పెద్ద పోట్ల రోజుల్లో సుమారు ఒకటిన్నర మీటర్లు. ఆ కొద్ది ఎత్తులోనే ఎడారి బతుకు, నీటి బతుకు పక్కపక్కన ఉన్నాయి. నీరు దిగగానే బార్నకిల్ పలకల తలుపు మూసి లోపల తడిని కాపాడుకుంటుంది, మునగగానే తెరిచి ఈకల్లాంటి కాళ్లతో తిండి లాక్కుంటుంది. కదల్లేని జీవి ఎండను ఇలా నెట్టుకొస్తుంది.

పర్యటన కుదరాలంటే పాటు వేళ తెలియాలి. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఆ వేళ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో నీరు బాగా దిగుతుంది. తేదీ పంచాంగంలో చూసి, వేళను పోటుపాట్ల పట్టికలోనో దగ్గరి మత్స్యకారులనో అడిగి ఖాయం చేసుకోవాలి. పాటుకు గంట ముందు చేరి, నీరు తిరిగిన వెంటనే బయల్దేరాలి. ఈ లెక్క చూసుకోకుండా బడి బస్సు ఖాళీగా ఉన్న రోజున వెళితే కనిపించేవి అలలు మాత్రమే.

అయిదుగురు పిల్లలకు ఒక పెద్దవారు ఉండాలి. ఆలిచిప్పల అంచులు పాదాలను కోస్తాయి కాబట్టి బూట్లు తప్పనిసరి. పచ్చటి నాచు మీద అడుగు పెట్టకూడదు. ఎత్తి చూసిన రాయిని అదే వైపు తిరిగి పెట్టకపోతే కింద దాక్కున్నవి ఎండిపోతాయి. ఏదీ ఏరుకుని తేకూడదు. సముద్ర జీవుల్లో కొన్నింటికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

## చేపల బజారు కూడా ప్రయోగశాలే

పర్యటన కుదరకపోతే రెండు మూడు చేపలు క్లాసులోకి తెచ్చినా పాఠం నడుస్తుంది. కనగర్త వీపు ముదురు, పొట్ట వెండిలా తెలుపు. పైనుంచి చూసే పక్షికి ముదురు నీటిలో, కిందినుంచి చూసే చేపకు వెలుగులో అది కలిసిపోతుంది. (స్కాట్లాండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖలో సేకరించిన చేపల వివరాలు 1803లో అచ్చయ్యాయి. కనగర్త శాస్త్రీయ నామంలో తెలుగు పేరు నిలవడానికి మూలం అదే.) నాలుక చేపకు రెండు కళ్లూ ఒకే పక్కన ఉంటాయి. పిల్లగా ఉన్నప్పుడు చెరో పక్కనే ఉండి, పెరిగేటప్పుడు ఒకటి పక్కకు జరుగుతుంది. కొర్రమీను మరో రకం. తొట్టెలో ప్రాణంతో అమ్మే చేప అదేనని పిల్లలకు తెలుసు. గాలి పీల్చే అదనపు అవయవం ఉండటంతో ఆక్సిజన్ తక్కువున్న చెరువులోనూ బతుకుతుంది. కనగర్తకు అది లేదు. ఒకే పీటపైకి వచ్చిన రెండు చేపల మధ్య ఆ తేడా ఎందుకుందని అడిగితే, అవి పుట్టిన నీళ్ల గురించి మాట్లాడక తప్పదు.

ధ్రువప్రాంతం పాఠానికి డాల్డా సంచి ప్రయోగం వాడుకలో ఉంది. జిప్ సంచిలో పావు కిలో డాల్డా, అందులో ఇంకో సంచి, ఆ సంచిలో చెయ్యి, చెయ్యి మంచునీళ్లలో. రెండో చేతికి డాల్డా లేని సంచులు ఉంటేనే పోలిక చెల్లుతుంది. వేసవిలో డాల్డా కరిగి అడుక్కు జారుతుంది కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో చేయడం మేలు. కొవ్వే వేడి పుట్టిస్తుందని కొందరు పిల్లలు అనుకుంటారు. చెయ్యి లేని డాల్డా సంచిలో థర్మామీటరు పెడితే గది ఉష్ణోగ్రతే చూపుతుంది. వేడి చేతిది, కొవ్వు దాన్ని పోనివ్వడం లేదు అంతే.

## పాత పరిసరానికి సరిపోయిన తాబేలు

అనుకూలనం అంటే పరిపూర్ణత అనుకునే ప్రమాదం కూడా ఉంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు దానికి విరుగుడు. జనవరి నుంచి మార్చి వరకు ఎక్కువగా ఈ ఒడ్డుకు వచ్చి, ఒక్కొక్కటి ఇసుక గుంటలో సుమారు వంద గుడ్లు పెడతాయి. ఇసుక వెచ్చదనంతో 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఆ వెచ్చదనమే మగా ఆడా తేలుస్తుంది. ఎక్కువ వెచ్చగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువ.

గుంటలోంచి బయటపడ్డ పిల్ల ఎటు వెలుగు ఎక్కువుంటే అటు పాకుతుంది. రాత్రి నింగీ నీరూ కలిసేచోటే వెలుగు, నేల వైపు చీకటి. వేల తరాలుగా ఆ లెక్క తప్పలేదు. వీధిదీపాలు, హోటళ్ల దీపాలు వచ్చాక వెలుగు నేల వైపుకు మారింది. పిల్ల మారలేదు, రోడ్డు వైపు పాకుతుంది. తీరం వెంబడి అటవీ శాఖ గుడ్లను హేచరీలకు మార్చడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి (కుక్కలు, నక్కలు మరొకటి). ఒక లక్షణం గుంపులో స్థిరపడటానికి పట్టే కాలం ఎక్కడ, బీచ్ రోడ్డులో దీపాలు పెరగడానికి పట్టిన కాలం ఎక్కడ? ‘తాబేళ్లు కూడా అలవాటుపడతాయి కదా’ అన్న పిల్లల ప్రశ్నకు జవాబు ఈ తేడాలోనే ఉంది. ఉన్నిదారాల ఆట ఆడిన తరగతికి దీన్ని లెక్కలోనే చూపవచ్చు: ఒక్క వేటలోనే 40 ముక్కలూ తినేస్తే రెండో తరమే ఉండదు.

## పరీక్షలో ఏం అడగాలి

ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రశ్న ‘ఎడారి జంతువు ఏది?’ దగ్గర ఆగితే పాఠం ఎంత బాగా నడిచినా పిల్లలు జాబితానే చదువుతారు. మూడు మార్కుల ప్రశ్న ఒకటి ఇలా ఉండవచ్చు: ‘ఒక దీవిలో ఎలుకలు కొన్ని నల్లవి, కొన్ని ఇసుకరంగువి. గద్దలు వచ్చాయి. చాలా ఏళ్ల తర్వాత దాదాపు అన్నీ ఇసుకరంగువే. ఏం జరిగింది?’ ముందే రెండు రంగులున్నాయని రాస్తే ఒక మార్కు, నల్లవి ఎక్కువగా దొరికిపోయాయంటే ఒకటి, మిగిలినవాటి పిల్లలకు అదే రంగు వచ్చిందంటే ఒకటి.

మొదటి రెండూ రాసి మూడోది వదిలేసినవారికి వారసత్వం మెట్టు అందలేదన్నమాట. ఉన్నిదారాల ఆటలో ‘మూడు పిల్లలు’ దగ్గర మళ్లీ ఆగితే సరిపోతుంది. ‘గద్దలకు భయపడి నల్లవి ఇసుకరంగులోకి మారాయి’ అని రాసినవారికి మాత్రం ఆట మొత్తం మొదటి వేట నుంచి మళ్లీ ఆడించాలి. ఈసారి లెక్క రాసే పని వాళ్లకే ఇవ్వాలి.